హాఫ్-ఫే పాత్రకి ఆయుష్షు లెక్క: ప్రాజెక్టు డైరీ

కావలసింది ఒకే ఒక్క వరుస. డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అనే పాత్రలాట 3.5 ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో 7 జాతులకి వయసుల టేబుల్ ఉంటుంది. దాని అడుగున "హాఫ్-ఫే" (సగం మనిషి, సగం ఫే అనే మాయాజీవి) అని ఇంకో వరుస చేర్చాలి. 2003లో వచ్చిన ఫీండ్ ఫోలియోలో హాఫ్-ఫే టెంప్లేట్ (పాత్రని హాఫ్-ఫేగా మార్చే రూల్స్) ఉంది గానీ వయసుల వరుస లేదు. మాన్‌స్టర్ మాన్యువల్‌లో ఫే టైప్ వివరణ తిరగేస్తే, వీళ్లు ఊపిరి పీలుస్తారు, తింటారు, నిద్రపోతారు అని ఉంటుంది. ఎన్నాళ్లు బతుకుతారన్న మాట ఉండదు.

ఒక్క పూట ఆటకైతే ఈ గొడవంతా అక్కర్లేదు. మా క్యాంపెయిన్ తరాల మీద నడుస్తుంది. ఒక కథ ముగిశాక 20 ఏళ్లు ముందుకి దూకి, అవే పాత్రలతోనో వాళ్ల పిల్లలతోనో మళ్లీ మొదలుపెడతాం. ఇద్దరు ఆటగాళ్లవి హాఫ్-ఫే పాత్రలు. "ఫే కదా, చాలా ఏళ్లు బతుకుతుందిలే" అని డీఎం (ఆట నడిపే మనిషి) చేతులు దులుపుకుంటే రెండో దూకుడులోనే లెక్క తప్పుతుంది. అందుకే ఇది. తయారైన టేబుల్ మాత్రమే కావాల్సినవాళ్లు దశ 5కి వెళ్లిపోవచ్చు. అక్కడికి ఎలా వచ్చామో తెలిస్తే మీ ఆటకి తగ్గట్టు మార్చుకోవడం తేలిక.

దశ 1: ఉన్న అంకెల్ని ముందు ఎక్కించడం

సాధనాలు: ఒక స్ప్రెడ్‌షీట్, 20 ముఖాల డైస్ గుప్పెడు, పుస్తకాలు. అంతే.

1. ఏడు జాతులకీ పెద్దయ్యే వయసు, నడివయసు, ముసలితనం, పండుముసలితనం, ఆపైన వేసే డైస్ అన్నీ షీట్‌లోకి ఎక్కించాను.
2. మనకి పనికొచ్చే వరుసలు మూడు. మనిషి: 15, 35, 53, 70, ఆపైన 2డీ20 (అంటే 20 ముఖాల డైస్ రెండు వేసి కలిపితే వచ్చేది). ఎల్ఫ్: 110, 175, 263, 350, ఆపైన 4డీ100. హాఫ్-ఎల్ఫ్: 20, 62, 93, 125, ఆపైన 3డీ20.
3. ప్రతి వరుసకీ పక్కన "సగటు గరిష్ఠ ఆయుష్షు" అని ఒక గడి పెట్టాను. పండుముసలి వయసుకి డైస్ సగటు కలిపితే వచ్చేది అది. మనిషికి 70 + 21 = 91. ఎల్ఫ్‌కి 350 + 202 = 552. హాఫ్-ఎల్ఫ్‌కి 125 + 31.5 = 156.5.

ఎక్కిస్తుంటే తేలిందేమంటే, నడివయసు ఎప్పుడూ పండుముసలి వయసులో సగం, ముసలితనం ముప్పావు. కాబట్టి ఒక్క అంకె దొరికితే మిగతా రెండూ వాటంతటవే వస్తాయి. ఒక్కటే చిక్కు: పుస్తకం పూర్ణాంకం చేసే తీరు ఒకేలా లేదు. మనిషికి 52.5ని 53 చేశారు, ఎల్ఫ్‌కి 262.5ని 263 చేశారు. హాఫ్-ఎల్ఫ్ దగ్గరికొచ్చేసరికి 62.5ని 62కి, 93.75ని ఏకంగా 93కి దించారు. స్ప్రెడ్‌షీట్‌లో ఏ రౌండింగ్ ఫార్ములా పెట్టినా ఏదో ఒక జాతి తేడా కొడుతుంది. దాని వెంట పడకండి, టైమ్ వేస్ట్. పుస్తకంలో ఉన్న అంకెలు ఉన్నట్టే టైప్ చేసుకోండి.

ఇప్పటిదాకా: షీట్‌లో వరుసలు 7, రూల్స్ 0.

దశ 2: సగానికి సగం అన్న ఆలోచన ఎందుకు నిలబడదు

సగం రక్తం కాబట్టి ఆయుష్షులు కలిపి సగం చేద్దాం అని ఎవరైనా మొదట అనుకునేదే. ఇక్కడ రెండు చోట్ల విరుగుతుంది.

మొదటిది, ఫే పక్క ఏ అంకె వేయాలి? చావులేనివాళ్లు అనుకుంటే సగం చేసినా అనంతమే. సరే, 1000 అనుకుందాం. అప్పుడు (70 + 1000) ÷ 2 = 535. అంటే సగం మనిషి రక్తం ఉన్న పాత్ర, నిఖార్సైన ఎల్ఫ్ పండుముసలి అయ్యే 350 కంటే చాలా ఏళ్ల తర్వాత గానీ ఆ దశకి రాదు. ఎల్ఫ్ ఆడేవాళ్లు ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా.

రెండోది ఇంకా గట్టిది. పుస్తకంలోనే ఒక సంకర జాతి ఉంది కదా, హాఫ్-ఎల్ఫ్. ఏ పద్ధతైనా ముందు దాని అంకెని సరిగ్గా చెప్పగలగాలి. సగటు గరిష్ఠ ఆయుష్షులు 91, 552 తీసుకుని పరీక్ష పెట్టాను. రావలసిన జవాబు 156.5.

అంకమధ్యమం: 321.5. రెట్టింపు దాటేసింది.
గుణమధ్యమం: 224.1. కాస్త నయం, అయినా 68 ఏళ్లు ఎక్కువ.

గుణమధ్యమం మీద నాకు మొదట్నుంచీ కొంచెం మమకారం ఉండేది, ఎందుకంటే పెద్ద అంకెల్ని అది బాగానే అణుస్తుంది. కానీ ఫే పక్క అనంతం వేస్తే అదీ అనంతానికే పోతుంది. వదిలేశాను.

దశ 3: ఏళ్లని కాదు, అరుగుదలని సగం చేయాలి

ఈ దశ మీదే మిగతా అంతా నిలబడింది కాబట్టి నిదానంగా చెప్తాను.

తల్లిదండ్రుల నుంచి పిల్లకి వచ్చేది "ఇన్నేళ్లు" అనే మూట కాదు. ఒళ్లు ఏడాదికి ఎంత అరుగుతుందన్న వేగం. సగటు మనిషి 91 ఏళ్లలో పూర్తిగా అరిగిపోతే, ఏడాదికి అరుగుదల 1/91. ఎల్ఫ్‌కి 1/552. పిల్లకి ఈ రెండు వేగాల సగటు వస్తుంది. ఆ సగటుని తిరగేస్తే ఆయుష్షు. లెక్కల పుస్తకాల్లో దీన్నే హరాత్మక మధ్యమం అంటారు.

1. 1/91 = 0.010989
2. 1/552 = 0.001812
3. కలిపి సగం: 0.0064
4. తిరగేస్తే: 156.2

రావలసింది 156.5. మూడో వంతు ఏడాది కూడా తేడా లేదు!

టేబుల్ రాసినవాళ్లు ఇలాగే లెక్కేశారని నేను అనడం లేదు. అంకె కలిసింది, నాకది చాలు. ఒక్కచోట కలిస్తే కాకతాళీయం అనొచ్చు కాబట్టి ఐదో ఎడిషన్ మీద కూడా పెట్టి చూశాను. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో మనిషి నూరేళ్ల లోపు, ఎల్ఫ్ 750 దాకా, హాఫ్-ఎల్ఫ్ తరచుగా 180 దాటి. మనిషికి 100, ఎల్ఫ్‌కి 750 వేస్తే 176.5 వస్తుంది. పుస్తకంలోవి ఎలాగూ గుండుగుత్త అంకెలే కాబట్టి ఇది కలిసినట్టే లెక్క.

ఒకటి దాచకుండా చెప్పాలి. సగటు గరిష్ఠం బదులు పండుముసలి వయసులు (70, 350) పెడితే 116.7 వస్తుంది, పుస్తకంలో ఉన్నది 125. అంటే దగ్గరగా ఉంది గానీ అతకలేదు. మీరు ఇంకో సంకర జాతికి ఈ పద్ధతి వాడేటట్టయితే ముందు గరిష్ఠం లెక్కగట్టి, అక్కడి నుంచి వెనక్కి రండి.

ఇప్పటిదాకా: వరుసలు 7, రూల్స్ 1 (అరుగుదల సగటు).

దశ 4: అనంతం, స్ప్రెడ్‌షీట్ చేసిన మోసం

ఫేకి వయసు మీదపడి చావు రాదు అనుకుంటే, ఏడాదికి అరుగుదల సున్నా. అప్పుడు లెక్క మూడు ముక్కల్లో అయిపోతుంది. మనిషి అరుగుదల 1/91, ఫేది 0, సగటు 1/182. ఆయుష్షు 182. అంటే మనిషికి సరిగ్గా రెట్టింపు. దశ 2లో ఏ అనంతం దగ్గర లెక్క ఆగిపోయిందో, ఇక్కడ అదే అనంతం మామూలు సున్నా అయి కూర్చుంది.

స్ప్రెడ్‌షీట్‌లో చేసేవాళ్లకి ఒక హెచ్చరిక. హరాత్మక మధ్యమానికి అందులో రెడీమేడ్ ఫంక్షన్ ఉంటుంది, పేరు హార్‌మీన్. ఒక గడిలో 70, పక్క గడిలో అనంతం గుర్తు పెట్టి ఆ రెండు గడుల మీద ఫంక్షన్ వేస్తే జవాబు 70 అని వస్తుంది. ఎర్రర్ రాదు. అనంతం గుర్తు దానికి అంకె కాదు, ఉత్త అక్షరం. గడుల్లో అక్షరాలు కనిపిస్తే ఆ ఫంక్షన్ వాటిని పక్కన పెట్టేసి మిగిలిన అంకెతోనే లెక్క కడుతుంది. హాఫ్-ఫే సరిగ్గా మనిషంతే బతుకుతుందని నింపాదిగా చెప్పేస్తుంది. సున్నా వేస్తే మాత్రం ఎర్రర్ ఇస్తుంది. నేను చేసిన మార్పు ఇది:

1. ఆయుష్షు గడి పక్కన "అరుగుదల" అని ఇంకో గడి.
2. మామూలు జాతులకి అందులో 1 ÷ ఆయుష్షు. ఫేకి చేత్తో 0.
3. అరుగుదలల మామూలు సగటు.
4. చివరి గడిలో 1 ÷ సగటు.

రెడీమేడ్ ఫంక్షన్ జోలికే పోనక్కర్లేదు.

అసలు ఫే ఎన్నేళ్లు బతుకుతారన్న వాదన మా టేబుల్ దగ్గర ఎడతెగకుండా సాగేది. 300 అని ఒకరు, 1000 అని ఒకరు, చావే లేదని ఇంకొకరు. పండుముసలి వయసుతో అన్నీ వేసి చూపించాను:

ఫే 300 ఏళ్లయితే హాఫ్-ఫే: 113.5
500 అయితే: 122.8
1000 అయితే: 130.8
చావులేకపోతే: 140

ముందు నుంచి రోగ్ (దొంగ తరహా పాత్ర) ఆడే అమ్మాయి "1000 పెట్టు, 1000 పెట్టు" అని పోరు పెట్టేది. ఈ నాలుగు వరుసలు చూసి, "అంటే నేను ఇంతసేపు 17 ఏళ్ల కోసమా కొట్లాడింది?" అంది. అవును. ఫే పక్క ఎంత వేసినా 140 గోడ దాటదు. ఆయుష్షుని నిర్ణయించేది మనిషి పక్కే. ఈ ఒక్క ముక్క అర్థమైతే సగం వాదనలు టేబుల్ మీదకి రానే రావు.

చివరికి పెట్టుకున్నవి: నడివయసు 70, ముసలితనం 105, పండుముసలితనం 140. రౌండింగ్ తలనొప్పి కూడా లేదు. ఆపైన 4డీ20. దాని సగటు 42, కలిపితే 182 సరిగ్గా సరిపోయింది. మనిషి 2డీ20 వేసి రెట్టింపు చేస్తే కూడా సగటు అంతే, అటు చివర ఇటు చివర కూడా అంతే (4 నుంచి 80). కానీ అలా చేస్తే ఎప్పుడూ సరి సంఖ్యలే వస్తాయి, పైగా చివరలకి ఎక్కువగా పోతుంది. నాలుగు డైస్ కలిపితే మధ్యలో కుదురుగా ఉంటుంది. పుస్తకం చెప్పినట్టే పాత్ర పండుముసలి అయిన రోజు డీఎం రహస్యంగా వేసి రాసిపెట్టుకోవాలి.

పక్కన పడేసిన ఒక ఆలోచన: బెంజమిన్ గొంపెర్ట్జ్ 1825లో చెప్పిన సూత్రం ప్రకారం పెద్దయ్యాక మరణ ప్రమాదం వయసుతోపాటు రెట్టింపులవుతూ పోతుంది, మనుషుల్లో సుమారు 8 ఏళ్లకోసారి. హాఫ్-ఫేకి 16 ఏళ్లకోసారి అని పెట్టి ప్రతి పుట్టినరోజుకీ డీ100 వేయించొచ్చు. లెక్క ముచ్చటగా ఉంటుంది, ఆట మాత్రం ఆగిపోతుంది. 20 ఏళ్లు దూకినప్పుడు ఒక్కో పాత్రకి 20 సార్లు ఎవరు వేస్తారు?

ఇప్పటిదాకా: వరుసలు 8, రూల్స్ 2.

దశ 5: బాల్యం

రెట్టింపు రూల్‌ని పుట్టిన రోజు నుంచీ పెడితే పెద్దయ్యే వయసు 15 కాస్తా 30 అవుతుంది. కాగితం మీద బాగానే ఉంది. ఒక పాత్ర గతం రాయబోతే తెలిసింది. 10 ఏళ్ల పిల్ల 5 ఏళ్ల పిల్లలా ఉంటుంది. 24 ఏళ్లకి 12. తల్లికి 20 ఏళ్లప్పుడు పుట్టిందనుకుంటే, ఆ పిల్ల చేతికి అందివచ్చేసరికి తల్లికి 50. తోటి పిల్లలు పెళ్లిళ్లయి పోతుంటే ఇది ఇంకా బొమ్మలతో ఆడుతుంటుంది. కథకి ఒకసారి బాగుంటుందేమో గానీ, ప్రతి హాఫ్-ఫేకీ ఇదే గతం అంటే విసుగు. ఇంకో ఇబ్బంది, వీళ్లు సాహసానికి బయల్దేరేసరికి తోటి మనుషుల పాత్రల కంటే 15 ఏళ్లు ముందు పుట్టి ఉండాలి. అన్నదమ్ములుగా, చిన్ననాటి స్నేహితులుగా ఆడదామనుకునేవాళ్లకి దారి మూసుకుపోతుంది.

గర్ప్స్ అనే ఇంకో పాత్రలాట నాలుగో ఎడిషన్‌లోనూ ఇదే సమస్య ఉంది. అందులో ఎక్స్‌టెండెడ్ లైఫ్‌స్పాన్ అనే అడ్వాంటేజ్ ఒక్కో లెవెల్‌కి 2 పాయింట్లు. ఒక లెవెల్ తీసుకుంటే వయసు మీదపడే 50, 70, 90 అంచెలతోపాటు పెద్దయ్యే 18 కూడా రెట్టింపై 36కి పోతుంది.

మళ్లీ హాఫ్-ఎల్ఫ్ దగ్గరికే వెళ్లాను. మనిషి 15, ఎల్ఫ్ 110 కి హరాత్మక మధ్యమం 26.4 రావాలి. పుస్తకంలో ఉన్నది 20. అంటే అక్కడ కూడా బాల్యాన్ని మనిషి పక్కకే లాగారు. అదే దారి పట్టాను.

నాకు 15కీ 20కీ మధ్య ఏదైనా ఫరవాలేదు. 18 పెట్టుకోవడానికి కారణం పూర్తిగా అంకెల సౌకర్యం. 18 నుంచి 70కి 52 ఏళ్లు, నాలుగు ముక్కలు చేస్తే ఒక్కోటి 13. 20 పెడితే 12.5 వస్తుంది, ఆ అర ఏడాది ఆట మధ్యలో ప్రాణం తీస్తుంది. 18 లోపు కూడా లెక్క ఇంపుగా కుదిరింది: ప్రతి 6 ఏళ్లకి ఒళ్లు 5 ఏళ్లు పెరుగుతుంది.

తయారైన టేబుల్ ఇది. ఎడమ పక్క అసలు వయసు, కుడి పక్క మనిషితో పోలిస్తే కనిపించే వయసు.

6 → 5
12 → 10
18 → 15 (పెద్దయినట్టు)
31 → 20
44 → 25
57 → 30
70 → 35 (నడివయసు)
80 → 40
90 → 45
100 → 50
105 → 53 (ముసలితనం)
120 → 60
140 → 70 (పండుముసలితనం)
ఆపైన 4డీ20

18 నుంచి 70 దాకా ప్రతి 13 ఏళ్లకి 5, ఆ తర్వాత ప్రతి 10 ఏళ్లకి 5. "నడివయసు రాగానే అరుగుదల వేగం పెరిగిందేంటి?" అని అడుగుతారు, మా దగ్గరా అడిగారు. ముసలితనం పెరగలేదు, యవ్వనమే సాగింది. మొత్తం 140 చెదరకూడదు. బాల్యం 30 ఏళ్లు పట్టాల్సింది 18తో ముగించాం కాబట్టి 12 ఏళ్లు మిగిలాయి. వాటిని యవ్వనంలో వేశాం, 40 కాస్తా 52 అయింది. ఫే రక్తం ఉన్నవాళ్లకి ఎక్కువ కాలం పడుచుదనం ఉండటం కథకి కూడా నప్పుతుంది. ఇది ముందే ఆలోచించి చేసింది కాదు, లెక్కలోంచి ఊడిపడింది.

ఆట మొదలయ్యే వయసుకి, పాత్ర వృత్తిని బట్టి డైస్:

1. రోగ్, బార్బేరియన్, సోర్సరర్: 18 + 1డీ6
2. ఫైటర్, బార్డ్, రేంజర్, పాలడిన్: 18 + 2డీ6
3. విజార్డ్, క్లెరిక్, డ్రూయిడ్, మాంక్: 18 + 3డీ6

ఇవి హాఫ్-ఎల్ఫ్ డైసే. ఒళ్లు నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి ఈ డైస్‌ని 2.6 రెట్లు చేయాలని ఒక వాదన వచ్చింది. నేను ఒప్పుకోలేదు. కత్తి పట్టడం నేర్చుకోవడానికి పట్టేది క్యాలెండర్ కాలం, ఒంటి వయసు కాదు. 110 ఏళ్లకి పెద్దయి, ఆపైన 10డీ6 ఏళ్లు చదివి, చివరికి 20 ఏళ్ల మనిషి విజార్డ్‌తో సమానంగా మొదటి లెవెల్‌లో నిలబడే ఎల్ఫ్‌ని చూస్తే నాకు ఎప్పుడూ నవ్వొస్తుంది. ఆ వింత ఇంకో జాతికి అంటించడం ఎందుకు?

ఇప్పటిదాకా: వరుసలు 8, మెట్లు 13, రూల్స్ 4.

దశ 6: వయసుతోపాటు మారే స్కోర్లు

3.5లో నడివయసుకి స్ట్రెంత్, డెక్స్‌టెరిటీ, కాన్‌స్టిట్యూషన్ ఒక్కోటి 1 తగ్గుతాయి. ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిజ్మా 1 పెరుగుతాయి. ముసలితనంలో ఒంటివి ఇంకో 2, పండుముసలితనంలో ఇంకో 3 తగ్గుతాయి. బుర్రవి మాత్రం ప్రతిసారీ 1 చొప్పున పెరుగుతూనే ఉంటాయి. మొత్తమ్మీద ఒంటికి 6 నష్టం, బుర్రకి 3 లాభం.

మొదటి ముసాయిదాలో "ఫే రక్తం వల్ల ఒళ్లు వడలదు, తెలివి మాత్రం పెరుగుతుంది" అని రాసుకున్నాం. వినడానికి ఎంత బాగుందో! విజార్డ్ ఆడే అతను మరుసటి క్యారెక్టర్ షీట్‌లో వయసు 141 అని రాసుకొచ్చాడు. నష్టం లేకుండా ఇంటెలిజెన్స్‌కి 3. రూల్ ప్రకారం తప్పేమీ లేదు.

ఇది ఎంత పెద్ద వరమో పుస్తకంతోనే కొలవొచ్చు. 3.5లో సరిగ్గా ఇదే లాభాన్ని టైమ్‌లెస్ బాడీ అంటారు. డ్రూయిడ్‌కి అది 15వ లెవెల్‌లో వస్తుంది, మాంక్‌కి 17వ లెవెల్‌లో. మనం దాన్ని మొదటి లెవెల్‌లో ఉచితంగా పంచిపెడుతున్నాం. మార్చింది ఇలా:

1. 70, 105, 140 దగ్గర లాభనష్టాలు రెండూ కలిసే వస్తాయి. ఒకటి వద్దనుకుంటే రెండోదీ లేదు.
2. ఆట మొదలయ్యే వయసు డైస్‌తోనే. చేత్తో రాసుకోవడం లేదు.
3. డ్రూయిడ్ 15వ లెవెల్‌కి చేరిన హాఫ్-ఫేకి టైమ్‌లెస్ బాడీ అందరికీ వచ్చినట్టే వస్తుంది.

ఐదో ఎడిషన్ వాళ్లకి ఈ దశ అక్కర్లేదు. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో వయసుని బట్టి స్కోర్లు మారవు.

ఇప్పటిదాకా: రూల్స్ 6.

దశ 7: ఫేవైల్డ్‌కి వెళ్లొచ్చాక రెండు వయసులు

టేబుల్ అంతా సరిగ్గా ఉన్నా, ఒక్క ఫేవైల్డ్ (ఫేలు ఉండే లోకం) ప్రయాణంతో మొత్తం కలగాపులగం అయింది. మేం 3.5 ఆడుతున్నా కాలం తేడా కోసం ఐదో ఎడిషన్ డీఎం గైడ్‌లోని టేబుల్ అరువు తెచ్చుకున్నాం. ఫేవైల్డ్ నుంచి బయటికొచ్చేటప్పుడు డీ20 వేస్తారు:

1-2: అక్కడి రోజులు ఇక్కడ నిమిషాలు
3-6: రోజులు గంటలు
7-13: తేడా లేదు
14-17: రోజులు వారాలు
18-19: రోజులు నెలలు
20: రోజులు ఏళ్లు

26 ఏళ్ల హాఫ్-ఫే అక్కడ 12 రోజులు ఉండి వచ్చింది. డైస్ మీద 20 పడింది. ఇక్కడ 12 ఏళ్లు గడిచిపోయాయి. వెళ్లేటప్పుడు 24 ఏళ్లున్న చెల్లెలికి ఇప్పుడు 36. అక్క ఒంటికి మాత్రం ఇంకా 26, చూడ్డానికి 18 ఏళ్ల పిల్లలా ఉంటుంది. ఇప్పుడు షీట్‌లో వయసు దగ్గర ఏం రాయాలి? 26 రాస్తే వారసత్వం, శపథాల గడువులు లాంటివన్నీ తప్పుతాయి. 38 రాస్తే ఒళ్లు అనవసరంగా ముదురుతుంది.

షీట్‌లో వయసు గడిని రెండు చేశాను.

1. పుట్టి ఎన్నేళ్లు: మన లోకపు క్యాలెండర్ ప్రకారం. కథకి వాడేది ఇదే.
2. ఒంటి వయసు: పాత్ర నిజంగా గడిపిన కాలం. దశ 5 టేబుల్‌కి, స్కోర్లకి, చావుకి వాడేది ఇది.
3. ఫేవైల్డ్‌లో గడిపిన రోజులు రెండో దాంట్లో అక్కడి లెక్క ప్రకారమే పడతాయి. అక్కడ అరుగుదల ఆగదు, ఎందుకంటే సగం మనిషి రక్తం ఎక్కడికెళ్లినా వెంటే ఉంటుంది.
4. మాయ వల్ల పెరిగే, తగ్గే ఏళ్లు రెండో దాంట్లోనే.

మూడో దాని మీద చాలా రగడ జరిగింది. ఫేవైల్డ్‌లో ఉన్నంతకాలం వయసు ఆగిపోవాలన్నారు. అప్పుడు ముసలితనం దగ్గరపడ్డ ప్రతి హాఫ్-ఫే అక్కడికే వెళ్లి కూర్చుంటుంది, మనం కట్టిన టేబుల్‌కి అర్థం ఉండదు. డీఎంగా నేను ఒప్పుకోలేదు. మీ లోకంలో అదే కథ అయితే హాయిగా పెట్టుకోండి.

నాలుగోది ఐదో ఎడిషన్ (2014) దెయ్యం వల్ల వచ్చింది. దాని భయంకర రూపం చూసి సేవ్‌లో (తట్టుకోవడానికి వేసే డైస్‌లో) 5 లేదా అంతకంటే ఎక్కువ తేడాతో ఓడితే 1డీ4 × 10 ఏళ్లు వయసు మీదపడుతుంది. ఒంటి వయసు 31 ఉన్న హాఫ్-ఫేకి 30 ఏళ్లు పడ్డాయనుకోండి, 61 అవుతుంది. కనిపించే వయసు 20 నుంచి సుమారు 31 లేదా 32. పక్కనే ఉన్న 20 ఏళ్ల మనిషికి అదే దెబ్బ తగిలితే 50. అన్యాయం అన్నారు. కానీ అదే దెబ్బ ఎల్ఫ్‌కి ఇంకా తక్కువే తగులుతుంది, దాన్నెవరూ అడగలేదు. రూల్‌లో ఏళ్లు అని ఉంది కాబట్టి ఏళ్లే కలుపుతాం. తక్కిందంతా టేబుల్ చూసుకుంటుంది. వయసు తగ్గించే లాంజెవిటీ మందుకీ (1డీ6 + 6 ఏళ్లు) ఇదే పద్ధతి.

ఇప్పటిదాకా: రూల్స్ 8, షీట్‌లో వయసు గడులు 2.

దశ 8: తక్కిన రక్తాలు

అరుగుదల సగటు అన్న ఒక్క రూల్ ఉంటే ఇవన్నీ లెక్కగట్టడమే తప్ప కొత్తగా ఆలోచించేదేమీ లేదు.

ఫే భాగాన్ని బట్టి, మనిషి రక్తంతో, పండుముసలి వయసు:

ఎనిమిదో వంతు: 80, ఆపైన 2డీ20
పావు: 93, ఆపైన 5డీ10
సగం: 140, ఆపైన 4డీ20
ముప్పావు: 280, ఆపైన 8డీ20

పావు నుంచి సగానికి 47 ఏళ్లు పెరిగితే సగం నుంచి ముప్పావుకి ఏకంగా 140. అందుకే హాఫ్-ఫే, నిఖార్సైన ఫేని పెళ్లి చేసుకుంటే పుట్టే పిల్లలు క్యాంపెయిన్‌లో ఎవరికీ ముసలివాళ్లుగా కనిపించరు. ముప్పావు పాత్రల్ని ఆటగాళ్లకి ఇవ్వడం లేదు, డీఎం పాత్రలకే.

మనిషి కాకుండా వేరే జాతితో సగం అయితే (నడివయసు, ముసలితనం, పండుముసలితనం, ఆపైన డైస్):

హాఫ్-ఆర్క్: 60, 90, 120, 4డీ10
హాఫ్లింగ్: 100, 150, 200, 10డీ20
గ్నోమ్: 200, 300, 400, 6డీ100
డ్వార్ఫ్: 250, 375, 500, 4డీ100
ఎల్ఫ్: 350, 525, 700, 8డీ100

వీటిలో ఆడి చూసింది ఏదీ లేదు, లెక్క మాత్రమే. డ్వార్ఫ్ వరుసలో ఒక సంగతి గమనించండి. డ్వార్ఫ్‌కి అసలు డైస్ 2డీ100, గ్నోమ్‌కి 3డీ100, అందుకే రెట్టింపు చేశాక గ్నోమ్‌కి డైస్ ఎక్కువ కనిపిస్తుంది. టైపింగ్ తప్పు కాదు. ఎల్ఫ్ వరుస సగటు గరిష్ఠం 1104కి పోతుంది. 20 ఏళ్ల దూకుళ్లలో దానికి అర్థమే లేదు, మా దగ్గర ఎవరైనా అడిగితే "నీ పాత్ర ముసలిదవదు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తాను.

ఫే తల్లిదండ్రులందరూ చావులేనివాళ్లు కాకపోవచ్చు. ఐదో ఎడిషన్‌లో సాటర్ల (సగం మేక, సగం మనిషి ఆకారం) టైప్ ఫేనే, అయినా వాళ్లు మనుషుల్లాగే పెరిగి మనుషుల్లాగే ముసలివాళ్లవుతారు. అరుగుదల రెండు పక్కలా ఒకటే కాబట్టి సగం సాటర్‌కి మనిషి వరుసే. డ్రయాడ్ ఇంకో రకం. 3.5లో ఆమె ప్రాణం తన ఓక్ చెట్టుకి ముడిపడి ఉంటుంది, 300 గజాలు దాటి పోతే 4డీ6 గంటల్లో చనిపోతుంది. కాబట్టి ఆమె ఆయుష్షు చెట్టు ఆయుష్షే. మీ లోకంలో ఆ ఓక్‌కి 500 ఏళ్లు ఇస్తే కూతురికి 122.8, దాన్ని 122 చేసి వాడుకోండి. నడివయసు 61, ముసలితనం 91.

ఇక్కడొకటి ఇంకా తేల్చలేదు. తల్లి చెట్టుని ఎవరైనా నరికేస్తే కూతురి అరుగుదల ఆ రోజు నుంచి మారాలా? రోగ్ ఆడే అమ్మాయి పాత్ర తల్లి డ్రయాడే, కథలో గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లు ఆ అడవి అంచు దాకా వచ్చేశారు. ప్రస్తుతానికి "మారదు, పుట్టినప్పటి వేగమే చివరిదాకా" అని షీట్ అడుగున పెన్సిల్‌తో రాసి ఉంచాను.

ఇప్పటిదాకా: వరుసలు 16, రూల్స్ 9, పెన్సిల్ రూల్ 1.